పడవ వచ్చేదాకా ప్రార్థన లేదు

డిసెంబరు పద్దెనిమిదో తేదీ, ఉదయం ఎనిమిది గంటల యాభై నిమిషాలు. ఆ వేళకు నేను కృష్ణా నది కరకట్ట పక్కనున్న మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో, ప్రధానోపాధ్యాయుడిగా నా గది గుమ్మంలో నిలబడి, పొగమంచులోంచి రావలసిన పడవ చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉన్నాను. జేబులో ఫోను మోగింది. డివిజను కార్యాలయం నుంచి వచ్చిన సందేశం అది. పడవల మీద బడికి వచ్చే పిల్లల వివరాలు పంపవలెననీ, సంక్రాంతి సెలవులు ముగిశాక వారిని పడవ ప్రయాణం అవసరంలేని వసతి పాఠశాలలకు సర్దుబాటు చేయవలెననీ అందులో ఉంది. ఎక్కడో పడవ ప్రమాదం జరిగిందట. ఆ భయం అన్ని జిల్లాలకూ పాకింది.

పదవీ విరమణ తరువాత నేను విజయవాడలో స్థిరపడ్డాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, నా సర్వీసులో మరచిపోలేని రోజు ఏదని అడుగుతుంటారు. అవార్డు అందుకున్న రోజు గురించి చెబుతానని వారి ఊహ. నాకు అవార్డు ఏదీ రాలేదు. అందుచేత ఆ సందేశంతో మొదలై, ఒక మంచు ఉదయాన ఏటి నడుమ ఇసుక మేట మీద తేలిన కథ చెబుతాను.

ముందు బడి సంగతి తెలియాలి. కంకిపాడు దాటి చల్లపల్లి వైపు వెళ్లే దారిలో, కరకట్టను ఆనుకుని ఉన్న ఊరు అది. ఊరికి ఎదురుగా ఏటి మధ్యలో ఒక లంక ఉంది. పసుపు, కంద, అరటి, కూరగాయలు పండే నేల. లంకలో ఉన్న బడి అయిదో తరగతితో ఆగిపోతుంది. ఆరో తరగతి మొదలు పిల్లలు ఇంజను పడవెక్కి మా బడికి రావాలి. మా పిల్లల్లో మూడింట ఒక వంతు వారే.

మంచు నెలల్లో మా బడి బడిలా ఉండేది కాదు. తెల్లవారేసరికి ఏరు మాయమయ్యేది. తరువాత కరకట్ట, ఆ తరువాత ఆటస్థలం చివరి గోడ. పిల్లలు గేటు దగ్గర ఉన్నట్టుండి పుట్టుకొచ్చినట్టు కనిపించేవారు. ముందు మాటలు, ఆ వెనుక మనుషులు. ఉపాధ్యాయులు ఫోనులో ముఖం చూపించి హాజరు వేయించుకునే రోజులవి. ఆ మంచులో మా ముఖాలు ఫోనుకు ఆనేవి కావు. అరచేత్తో అద్దం తుడిచి, మళ్లీ నవ్వి, మళ్లీ తుడిచి, మేము ఫలానావారమేనని ఆ యంత్రాన్ని నమ్మించవలసి వచ్చేది.

అటువంటి ఉదయాల్లో పడవను ఒడ్డు చేర్చేది బడి గంటే. వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్కను మా అటెండరు తెరపి ఇచ్చి ఒక్కొక్క దెబ్బే కొడుతుండేవాడు. ఏటి నడుమ పడవ నడిపే పెద్దాయన ఇంజను ఆపి, గడ వేసి, ఆ చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తున్నదో విని, అటు తిప్పుకునేవాడు. ఆ గంట సరిగ్గా బడి రేవుకు ఎదురుగా ఉంది. చప్పుడుకు ముక్కు చూపితే పడవ రేవులోకే వచ్చేది.

ఇంకొక ఆచారం కూడా ఉండేది. పడవ వచ్చేదాకా ప్రార్థన మొదలుపెట్టరు. తొమ్మిదికి మొదలు కావలసిన ప్రార్థన మంచు రోజుల్లో ఒక్కోసారి తొమ్మిదిన్నరకు కానీ మొదలయ్యేది కాదు. కొత్తగా వచ్చిన ప్రతి ప్రధానోపాధ్యాయుడూ మొదటి వారంలో గడియారం చూపించి గంట కొట్టమనడం, పాతవారు "పడవ రాలేదండీ" అనడం, ఆయన ఆగిపోవడం జరిగేది. నేనూ ఆగిపోయాను. ఎందుకు ఆగాలో అడిగితే ఎవరికీ తెలియదు. మా హిందీ పండితురాలిని అడిగాను. ఆమె ఆ ఊళ్లోనే పుట్టి, ఆ బడిలోనే చదివి, అక్కడే ఉద్యోగం చేస్తున్న మనిషి.

"ఏమోనండీ మాస్టారూ, నేను ఆరో తరగతిలో చేరినప్పటి నుంచీ ఇంతే. దేవుడు కూడా లంకవాళ్లు వచ్చాకే వింటాడేమో" అన్నారావిడ.

ఆ సంవత్సరం బడి వజ్రోత్సవం చేయాలనుకున్నాం. బడి చరిత్ర రాసే పని నేనే తీసుకున్నాను. నేను సాంఘిక శాస్త్రం చెప్పేవాడిని. పైగా చరిత్ర రాయడమంటే అధిక ప్రసంగం లేకుండా, ఎవరినీ నొప్పించకుండా రాయడమని నా నమ్మకం. ఊళ్లో పెద్దవారు చెప్పినంతవరకు రాసుకున్నాను. బియ్యం మిల్లు ఆసామి ఒకాయన తన ధాన్యం గోదాము ఇచ్చాడు. హైస్కూలు తరగతులు అందులోనే మొదలయ్యాయి. గోదాము తలుపుకు తారు పూసి నల్లబల్ల చేశారు. ఊక వాసనకూ ఎలుకలకూ ఓర్చి పిల్లలు చదివారు. ఆ తరువాత ఇంటికి ఇన్ని చొప్పున ఇటుకలు మోసుకొచ్చి ఊరంతా కలిసి గదులు కట్టింది. చక్కని చరిత్ర. అందులో లంక మాటే లేదు. ఆ లోటు అప్పటికి నాకు లోటుగా తోచలేదు కూడా.

సందేశం వచ్చిన రోజున ఉపాధ్యాయుల సమావేశం పెట్టాను. ఇలాంటి సమావేశాల్లో ముందుగా మాట్లాడేది మా డ్రిల్లు మాస్టారు. ఎత్తయిన మనిషి, పెళ్లి పందిరి నుంచి వరద సహాయం దాకా ఊళ్లో ఏ పని జరిగినా ముందుండే మనిషి.

"పిల్లల్ని పంపేస్తే మన బడి ఏమవుద్దండీ?" అన్నాడాయన. "సంఖ్య తగ్గితే సగం పోస్టులు లేపేస్తారు. ఆపైన బడినే తీసుకెళ్లి ఇంకోదాంట్లో కలిపేస్తారు."

"పోస్టుల సంగతి తరవాత" అన్నారు హిందీ పండితురాలు. "హాస్టలంటే లంకలో ఆడపిల్లలు ఎంతమంది వెళ్తారు? మగపిల్లలు పోతారు. ఆడపిల్లలు పసుపు ఏరడానికి పోతారు."

ఆమె మాట నిజం. పదో తరగతిలో లంక నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. పడవలో పేర్లు పిలిచి, అందరూ ఎక్కారని పెద్దాయనకు చెప్పే బాధ్యత ఆ అమ్మాయిదే. మార్చిలో పరీక్ష. జనవరిలో బడి మారమంటే ఆ పిల్ల పరీక్ష రాయదు. ఆ వెనుక తొమ్మిదిలో, ఎనిమిదిలో ఉన్న ఆడపిల్లలూ ఆ దారినే ఆగిపోతారు. సమావేశంలో మా అందరి ఎదుటా నిలిచిన ప్రశ్న అదే.

నిబంధన మీరమని నాకు ఎవరూ సలహా ఇవ్వలేదు. ఇచ్చినా నేను వినేవాడిని కాదు. మా ఇంట పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. మా నాన్న కంకిపాడు దగ్గర బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. నాకు హాస్టల్లో చోటు దొరికినా, ఉపకార వేతనం దొరికినా, ఉద్యోగం దొరికినా ఎవరి సిఫారసూ లేకుండా కేవలం ఒక నిబంధన వల్లనే దొరికాయి. అందువల్ల నిబంధన పట్ల నాకు కృతజ్ఞత ఉంది. నిబంధన తప్పని అనిపించినప్పుడు దాన్ని రాసినవారినే పిలిచి చూపించాలి తప్ప, చాటుగా దాటకూడదని అనుకునేవాడిని. కనుక మా డివిజను విద్యాధికారి గారికి ఫోను చేసి, ఒక్కసారి మా పడవ ఎక్కి చూడవలసిందిగా అభ్యర్థించాను.

"మాస్టారూ, ఆ ఉత్తర్వు నేను రాసింది కాదండీ" అన్నారాయన. "కానీ వస్తాను. వచ్చి చూసింది చూసినట్టు రాస్తాను. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని. నాకు ఈత రాదు, అది మాత్రం గుర్తు పెట్టుకోండి."

జనవరి మొదటి వారంలో ఒక రోజు నిశ్చయమైంది. తెల్లవారుజామునే నేనూ ఆయనా లంకకు దాటి, తల్లిదండ్రులతో మాట్లాడి, పిల్లలతో కలిసి పడవలో తిరిగి రావాలి. ఆ తరువాత తల్లిదండ్రుల కమిటీతో సమావేశం. ఏర్పాట్లన్నీ డ్రిల్లు మాస్టారికి అప్పగించాను. "స్వాగతం సంగతి నాకు వదిలెయ్యండి సార్" అన్నాడాయన. వదిలేశాను.

ఆ రోజు మేము దాటే వేళకు మంచు పలచగా ఉంది. నీళ్ల మీద ఆవిరి లేచినట్టుగా అక్కడక్కడ తేలుతున్నది. అధికారి గారు నారింజ రంగు రక్షణ కోటు వేసుకుని పడవ నడుమ బల్ల మీద బిగిసి కూర్చున్నారు. కోటు ఆయనకు ఇరుకు. లంకలో అరటితోటల మధ్య తడి దారిన నడిచాం. ఉడకబెట్టిన పసుపు వాసన గాలిలో నిలిచి ఉంది. పదో తరగతి అమ్మాయి ఇంటి ముందు నులకమంచం వాల్చి కూర్చోబెట్టారు. వాళ్లమ్మ పాలు తెచ్చింది.

"హాస్టల్లో చేర్పిస్తామమ్మా. భోజనం, పుస్తకాలు అన్నీ వాళ్లే చూస్తారు. పంపుతారా?" అని అధికారి అడిగారు.

"మగపిల్లోడైతే ఇయ్యాలే పంపేదాన్నండి" అందావిడ. "ఆడపిల్లని ఎక్కడో పెట్టి, ఇక్కడ నాకు నిద్దరెట్టా పడుద్ది? దీని అక్క ఎనిమిదితో ఆగిపోయింది. ఆ ఏడు పడవ చెడిపోయి మూణ్ణెల్లు తిరగలా. బాగయ్యేసరికి అది పనికి అలవాటు పడిపోయింది. మళ్లీ పొమ్మంటే సిగ్గుపడింది. ఇదొక్కటే పది దాకా వచ్చింది."

అమ్మాయి సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. "నువ్వేమంటావమ్మా?" అన్నారాయన.

"పడవకి టైమవుతోంది సార్" అంది ఆ పిల్ల.

మేము రేవుకు వచ్చేసరికి మంచు తీరు మారిపోయింది. సూర్యుడు వచ్చాక మంచు పోతుందని పట్నంలో ఉన్నవారు అనుకుంటారు. ఏటి మీద మాత్రం ముందు దట్టమవుతుంది. పోవడం తరువాతి మాట. అమ్మాయి పేర్లు పిలిచింది. ఒక్కొక్క "వచ్చాను" ఒక్కొక్క వైపు నుంచి వినబడింది. కొన్ని గొంతులకు ముఖాలు కనబడలేదు. "అందరూ ఎక్కారు తాతా" అని చెప్పింది. ఇంజను మొదలైంది. నాలుగు బారలు పోగానే లంక మాయమైపోయింది. వెనుక ఏమీ లేదు, ముందు ఏమీ లేదు. పక్కనే తెల్లని గోడ ఉన్నట్టుంది. చెయ్యి చాస్తే తగలదు. పిల్లల జుట్టు మీద, కనురెప్పల మీద సన్నని నీటి బొట్లు నిలిచాయి. అందరి జుట్టూ నెరిసినట్టు కనబడింది. నా బడి పిల్లలంతా ఒక్కసారిగా ముసలివారై, చదువులన్నీ పూర్తిచేసి, ఎక్కడికో తిరిగి వెళుతున్నట్టు నాకు క్షణకాలం అనిపించింది.

కొంతదూరం పోయాక పెద్దాయన ఇంజను ఆపాడు. గడ చేతికి తీసుకున్నాడు. పిల్లలందరూ చెప్పకుండానే మాటలు ఆపేశారు. దూరాన పట్టా మోగింది. ఒక దెబ్బ. తెరపి. మళ్లీ ఒక దెబ్బ. అధికారి గారు నా వైపు వంగి, గుడిలో మాట్లాడినట్టు మెల్లగా, "ఏమిటండీ అది?" అన్నారు.

"మా బడి గంటండీ. దాన్ని బట్టే వస్తాం" అన్నాను.

ఆయన ముఖంలో ఒక నిశ్చింత కనిపించింది. అంతలో ఇంకొక దిక్కు నుంచి బ్యాండు మొదలైంది.

డోళ్లు, బూరలు, క్లారినెట్టు. పెళ్లి ఊరేగింపులో వాయించే సినిమా పాట. మంచులో ఆ పాట ఏటి నిండా పరుచుకుంది. పట్టా చప్పుడు అందులో మునిగిపోయింది.

"ఎవరిదిరా పెళ్లి?" అన్నాడు పెద్దాయన.

"పెళ్లి కాదు తాతా, సార్‌కి బ్యాండు పెట్టారంట. డ్రిల్లు సార్ నిన్న చెప్పారు" అని ఎవరో వెనుక నుంచి అన్నారు.

జరిగింది తరువాత తెలిసింది. పొద్దున్నే మేము దాటే వేళకు చల్లపల్లి నుంచి బ్యాండువాళ్లు రాలేదు. తిరిగి వచ్చేటప్పుడైనా ఘనంగా స్వాగతం చెబుదామని డ్రిల్లు మాస్టారు నిశ్చయించుకున్నాడు. బడి రేవులో బురదగా ఉందనీ, అధికారి గారి బూట్లు పాడవుతాయనీ ఆలోచించి, దిగువన మెట్లు కట్టి ఉన్న పెద్ద రేవులో పందిరి వేయించాడు. మా ఇంజను చప్పుడు వినబడి ఆగగానే మేము ఒడ్డుకు వచ్చేశామనుకుని వాయించమన్నాడు. ఒక్క తప్పు కూడా దురుద్దేశంతో చేసింది కాదు. మర్యాద కోసమే చేసినవన్నీ.

పడవ మీద పెద్దాయన లెక్క వేరు. రెండు దెబ్బలతో ఆయనకు దిక్కు ఇంకా తేలలేదు. స్వాగతం బడివారు చేస్తున్నారు. బడివారు ఉండేది బడి రేవులో. కనుక బ్యాండు ఉన్నచోటే బడి రేవు. ఇంత పెద్ద చప్పుడు ఉండగా ఇంక వెతకడం దేనికని పడవను అటు తిప్పాడు. కాసేపటికి అడుగున గరగరమని రాసుకుని పడవ నిలిచిపోయింది. గడ దించితే మోకాలు లోతు కూడా లేదు. ఇసుక మేట.

అధికారి గారు రెండు చేతులతో బల్ల పట్టుకున్నారు. "మునుగుతున్నామా?"

"మునగటానికి నీళ్లేవండీ" అన్నాడు పెద్దాయన. "మేట మీదెక్కాం. ఆ బ్యాండు ఆపితే గానీ దారి దొరకదు."

నేను డ్రిల్లు మాస్టారికి ఫోను చేశాను. ఆయన ఎత్తాడు. "హలో! సార్! ఏం వినబడట్లేదండీ, ఇక్కడ బ్యాండు వాయిస్తన్నారు! వచ్చాక మాట్లాడుకుందాం!" అని పెట్టేశాడు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. హిందీ పండితురాలికి చేస్తే, ఆమె ఫోను స్టాఫు గదిలో ఉంది కాబోలు, ఎత్తలేదు.

అపాయం ఏమీ లేదని తెలుసు. కానీ చూసింది చూసినట్టు రాస్తానన్న మనిషిని పిలిచి, పిల్లలతో సహా ఏటి నడుమ మేట మీద కూర్చోబెట్టాను. ఇంతకంటే బలమైన నివేదిక ఆ ఉత్తర్వుకు అక్కరలేదు.

బ్యాండు ఇంకొక పాట అందుకుంది. అప్పుడు అధికారి గారు పెద్దాయన్ని, "రోజూ ఇలాగేనా?" అని అడిగారు.

జవాబు అమ్మాయి చెప్పింది. "రోజూ మీరు రారు కదండీ."

పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. నేను ఆ పిల్లను వారించబోయాను. అధికారి గారు చెయ్యెత్తి నన్నే వారించారు. ఆయన కూడా నవ్వుతున్నారు.

"అయితే తప్పు నాదంటావు."

"మీది కాదండి. బ్యాండుది."

"మరి ఇప్పుడేం చేద్దాం?"

"ప్రార్థన చేసుకుంటామండి. ఎక్కడన్నా ఆగిపోతే ఇక్కడే చేసేసుకుంటాం. బళ్లో వాళ్లు మాకోసం ఆగుతారు గానీ, మరీ ఆలస్యమైతే మొదటి పిరియడు పోద్ది."

పిల్లలు లేచి నిలబడ్డారు. పడవ ఇసుకలో దిగబడి ఉండటం వల్ల ఊగలేదు కూడా. అమ్మాయి మొదలుపెట్టింది. తక్కినవారు అందుకున్నారు. ఒకవైపు నుంచి పెళ్లి పాట, ఇంకొక వైపు ఏమీ లేని తెలుపు, నడుమ ఈ ప్రార్థన. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నారింజ కోటులో అధికారి గారూ నిలబడ్డారు. అది కలలో జరిగిందని ఎవరైనా చెబితే ఇప్పటికీ నేను కాదనలేను.

ప్రార్థన ముగిశాక ఆయన కూర్చుంటూ, "మీకోసం బడి ఆగుతుందా? నిజమేనా?" అన్నారు.

"ఆగాలండి" అంది అమ్మాయి. "అట్టా మాటిచ్చారు."

"ఎవరిచ్చారు?"

"ఊరి పెద్దలు. మా లంకవాళ్లకి."

నేను తలెత్తి చూశాను. బడి చరిత్ర రాస్తున్నవాడిని నేను. నాకు తెలియని మాట.

గడ మీద చెయ్యి ఆనించి పెద్దాయన చెప్పాడు. ఊరికి హైస్కూలు కావాలని అడిగితే, ఇంతమంది పిల్లలు లేకపోతే ఇవ్వమని పైవాళ్లు చెప్పారట. ఊళ్లో పిల్లలు సరిపోలేదు. అప్పుడు ఊరి పెద్దలు తెడ్డు పడవ కట్టించుకుని లంకకు వచ్చారు. ఇంటింటికీ తిరిగి, మీ పిల్లల్ని పంపండి, బడి వస్తుంది అని అడిగారు. లంకవాళ్లు భయపడ్డారు. ఏరు దాటి వెళ్లిన పిల్లలు ఆలస్యమైతే గేటు బయట నిలబెడతారనీ, లంకవాళ్లని వెనక కూర్చోబెడతారనీ అన్నారు.

"అప్పుడు ఆళ్లు మాటిచ్చారు" అన్నాడు పెద్దాయన. "పడవ వొచ్చేదాకా పేర్లు పిలవం, దణ్ణం పెట్టం అని. అప్పుడు పంపారు మావోళ్లు. మొదటి పడవ మా నాయనే నడిపాడు. మా పిల్లలతోనే లెక్క నిండింది మరి. ఊళ్లోవాళ్లు చెప్పరా ఈ సంగతి?"

"చెప్పలేదు" అన్నాను నేను.

"మర్చిపోయుంటార్లే" అన్నాడాయన నిష్ఠూరమేమీ లేకుండా. "అడిగినోళ్లు మర్చిపోతారు. ఇచ్చినోళ్లకి గుర్తుంటది."

ఊరు ఇటుకలతో బడి కట్టిన మాట నిజం. ఆ ఇటుకలకు ముందు లంకవాళ్లు తమ పిల్లల్ని ఇచ్చారు. నేను శ్రద్ధగా, ఎవరినీ నొప్పించకుండా రాసిన చరిత్రలో మొదటి పేజీయే లేదన్నమాట. ఆ పేజీ మంచులో, కదలని పడవలో కూర్చుంటే దొరికింది.

ఒక చరణం మధ్యలో బ్యాండు తెగిపోయింది. బూర ఒకటి తెలియక ఇంకా కాస్త ముందుకు పోయి, సిగ్గుపడినట్టు ఆగింది. హిందీ పండితురాలి పని అది. పడవ రాకపోవడం, పాట రావడం గమనించి, కరకట్ట మీద పరుగెత్తుకుంటూ వెళ్లి, బ్యాండు నాయకుడి చేతిలోంచి క్లారినెట్టు లాక్కున్నారట. డ్రిల్లు మాస్టారు అడ్డుపడబోతే, "ముందు పిల్లల్ని రానివ్వండి మహానుభావా, తరవాత మీ పెళ్లి చేసుకోండి" అన్నారట. ఆ మాట ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు.

నిశ్శబ్దం. అందులోంచి ఒక దెబ్బ. తెరపి. ఇంకొక దెబ్బ.

"అదుగో" అన్నాడు పెద్దాయన. పెద్ద పిల్లలు నీళ్లలోకి దిగి పడవను నెట్టారు. అధికారి గారు బూట్లు విప్పి, పంట్లాము మడిచి, తానూ దిగారు. "మీరెందుకండీ" అంటే, "బరువు తగ్గుతుంది కదండీ" అన్నారు. పడవ తేలింది. బడి రేవు బురదలో మేము దిగే వేళకు పిల్లలందరూ వరుసల్లో నిలబడి ఉన్నారు. ప్రార్థన ఇంకా మొదలు కాలేదు.

మధ్యాహ్నం తల్లిదండ్రుల కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు ఊళ్లోని రైతు కుటుంబపు ఆవిడ. నలుగురిలో మొగమాటం లేకుండా మాట్లాడే మనిషి. డ్రిల్లు మాస్టారు వెనుక వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. నేను ఆయన్ని ఏమీ అనలేదు. అనడానికి మనసు రాలేదు.

అధికారి గారు తడి పంట్లాముతోనే మాట్లాడారు. "చూసింది చూసినట్టు రాస్తానన్నాను. మంచులో పడవ నడపడం నాకు సమ్మతం కాదు. బ్యాండు లేకపోయినా సమ్మతం కాదు. రేపు ఇంకేదైనా అడ్డురావచ్చు. కానీ పిల్లల్ని బడి మాన్పించమని రాయడం కూడా నా చేత కాదు. మంచు తొమ్మిదిన్నరకు విడుతుంది. మంచు పట్టే డిసెంబరు, జనవరి నెలల్లో బడి పదింటికి మొదలుపెట్టుకుంటామని, పడవ మంచు విడిచాకే కదులుతుందని, పిల్లలందరికీ రక్షణ కోట్లు ఉంటాయని మీ కమిటీ తీర్మానం చేసి ఇస్తే, ఈ లంకకు సర్దుబాటు అవసరం లేదని నేను పైకి రాసి ఒప్పిస్తాను. తీర్మానం లేకపోతే నా దగ్గర ఏమీ లేదు."

అధ్యక్షురాలు వెంటనే అంది: "పదింటికంటే ఎట్టాగండీ? మేం ఎనిమిదింటికే పొలాలకి పోతాం. పిల్లల్ని ఎవరు తయారు చేస్తారు, ఎవరు పంపుతారు? లంకవాళ్లు ఓ ముప్పావు గంట ఆలస్యంగా వస్తే వచ్చారు. మా పిల్లల చదువు ఆపుకోవడం దేనికి?"

చాలామంది తలలూపారు. ఆమె అన్నది అన్యాయమైన మాట కాదు. ఎనిమిది తరువాత ఆ ఊళ్లో ఇళ్లకు తాళాలుంటాయి.

నేను లేచాను. జీవితంలో ఎన్నో ఉపన్యాసాలు రాసుకుని చదివాను. ఆ రోజు చేతిలో కాగితం లేదు. పడవలో విన్నది విన్నట్టు చెప్పాను. పిల్లలు చాలక ఊరి పెద్దలు ఏరు దాటి వెళ్లి అడగడం, లంకవాళ్లు భయపడటం, పెద్దలు మాట ఇవ్వడం. ఆ లెక్క నిండినందువల్లే మనకు హైస్కూలు వచ్చిందని చెప్పి కూర్చున్నాను. నా వాదన ఏమీ కలపలేదు.

అధ్యక్షురాలు హిందీ పండితురాలి వైపు చూసింది. "నిజమేనంటావా అక్కా?"

"నాకూ ఇయ్యాలే తెలిసింది" అన్నారావిడ. "కానీ పడవ రాందే దణ్ణం పెట్టకపోవడం మనమిద్దరం చూసిందే గదా. ఊరికే ఎందుకు పెట్టుకుంటారు అట్టాంటి రూలు?"

అధ్యక్షురాలు కొంగు సర్దుకుంది. కిటికీలోంచి బయటికి చూసింది. అప్పటికి మంచు విడిచి, ఏరు ఎండలో మామూలు ఏరులా పారుతున్నది.

"అడిగి తెచ్చుకున్న పిల్లల్ని మనమే పొమ్మంటే ఏం బాగుంటది" అంది చివరికి. "రాసుకోండి మాస్టారూ, పదింటికే. కానీ ఒకటి. మా పిల్లలు ఎనిమిదింటికే మీ వరండాలో కూర్చుంటారు. వాళ్లని చూసుకునేది మీరే. ఎవరు వస్తారో ఇప్పుడే చెప్పండి."

వెనుక వరుసలోంచి డ్రిల్లు మాస్టారు చెయ్యెత్తాడు. "నేను వస్తానండీ" అన్నాడు. ఆ రోజు ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

యువ మిత్రులారా, ఇందులో నా ఘనత ఎక్కడుందని వెతకకండి. అధికారిని పిలవాలనుకోవడం ఒక్కటే నాది. తక్కినదంతా ఒక పొరపాటు వల్ల జరిగింది. సరిగ్గా జరిగి ఉంటే ఆయన వచ్చి, పడవలో దాటి, బాగుందనో లేదనో రాసి వెళ్లిపోయేవారు. ఇసుక మేట మీద కూర్చోకపోతే పెద్దాయన ఆ సంగతి చెప్పేవాడు కాదు. మా బడి చరిత్రలో ఆ మొదటి పేజీ ఎప్పటికీ చేరేది కాదు. ఏర్పాట్లు బాగా చేయవద్దని దీని అర్థం కాదు. బ్యాండు పెట్టేటప్పుడు మాత్రం ఏ రేవులో పెడుతున్నారో పడవవాళ్లకు ముందుగా చెప్పండి.

తీర్మానం పంపాం. అధికారి గారు రాసినది పైన ఒప్పుకున్నారు. అంతకుముందు ఏడాది పొడుగునా తొమ్మిదికి మొదలయ్యే మా బడి, అప్పటి నుంచి డిసెంబరులోనూ జనవరిలోనూ పదింటికి మొదలవుతోంది. ఆ రెండు నెలలు ఎనిమిది నుంచి పది వరకు ఊరి పిల్లలు బడి వరండాలో చదువుకుంటారు. ఆ అమ్మాయి మార్చిలో పరీక్ష రాసి ఉత్తీర్ణురాలైంది. నేను పదవీ విరమణ చేసేదాకా లంక నుంచి వచ్చిన ఆడపిల్లల్లో పది పూర్తికాకుండా బడి మానినవారు లేరు.